అన్నము: ఒక అర్థసంకోచము

భాషాశాస్త్రమున అర్థపరిణామమను ప్రకరణము కలదు. మనుష్యులవలెనే పదములకును జీవితము కలదనియు, అవి కాలక్రమమున పెరుగుననియు, కుంచించుకొనిపోవుననియు, ఉన్నతి నందుననియు, పతనమగుననియు ఆ ప్రకరణము చెప్పును. తొలుత నువ్వుల నుండి తీసినదానికి మాత్రమే పేరైన 'నూనె' నేడు కొబ్బరినూనెకును, వేరుసెనగ నూనెకును, తుదకు మట్టినూనెకును పేరైనది. ఇది అర్థవ్యాకోచము. ఒకప్పుడు వస్త్రమాత్రమునకు పేరైన 'చీర' నేడు స్త్రీలు కట్టునదానికే పరిమితమైనది. ఇది అర్థసంకోచము. ఇరువదియైదేండ్లకు పైగా ఈ పాఠమును నేను తరగతిలో చెప్పుచున్నాను. ఐనను ఆ పాఠములోని అసలు ఉదాహరణము నాకు పుస్తకములో దొరకలేదు. ఒక విద్యార్థిని వలన తెలిసినది.

ఆ దినమున మధ్యాహ్నపు చివరి గంట. డిగ్రీ రెండవ సంవత్సరము తరగతి. అర్థపరిణామమే పాఠము. కిటికీ ప్రక్క బల్లపై నొక అమ్మాయి తల వాల్చి నిద్రించుచుండెను. అది మొదటిసారి కాదు. నాకు కోపము వచ్చినది. "అమ్మాయ్, తిన్న అన్నం అరగటానికా కళాశాలకు వస్తున్నావు?" అని గట్టిగా అడిగితిని. తరగతి యంతయు నవ్వినది. ఆమె లేచి నిలుచుండి తల వంచుకొన్నది. మారు మాటాడలేదు. నా చమత్కారమునకు నేనే సంతోషించి పాఠము సాగించితిని.

రెండు వారముల తరువాత వైద్యులు మా కళాశాలకు వచ్చి విద్యార్థులకు రక్తపరీక్షలు చేసిరి. పేర్లు వ్రాసికొను పని నాకు అప్పగింపబడినది. ఆ అమ్మాయి పేరునకు ఎదురుగా హీమోగ్లోబిన్ ఏడు అని వ్రాయవలసి వచ్చినది. స్త్రీలకు పండ్రెండుండవలెనని వైద్యురాలు చెప్పినది. "ఈ పిల్ల మేడ మెట్లెక్కి తరగతికి రావటమే గొప్ప, మాస్టారూ" అని కూడ అన్నది. నా కలము ఆగిపోయినది.

అమ్మాయిని ప్రక్కకు పిలిచి, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగితిని.

"అన్నం తిన్నానండి."

"మధ్యాహ్నం?"

"అన్నమేనండి." నా ప్రశ్నలోని భావమేమో తెలియక ఆమె ఒక్క క్షణ మాగి, కొంచెము పౌరుషముగా, "మూడు పూటలా అన్నం తింటానండి మాస్టారూ. మా ఇంట్లో అన్నానికి లోటు లేదండి" అన్నది.

నిజమే. ఆ యింట అన్నమునకు లోటు లేదు. అన్నములో ఊరగాయ, పలుచని చారు, అప్పుడప్పుడు మజ్జిగ. పప్పు వారమునకు రెండు దినములు. గ్రుడ్డు వండిననాడు అది తండ్రికిని, తమ్మునికిని. తల్లియు తానును అందరును తిన్న పిమ్మట మిగిలినది తిందురు. ఇది కరవు కాదు. ఆకలి యనియు ఆమె అనుకొనలేదు. ఐనను ఆమె శరీరము పస్తున్నది.

పదము కుంచించుకొన్నది, విస్తరి కుంచించుకొన్నది

సంస్కృతమున 'అన్న'మనగా తినబడునది యని యర్థము. గింజయు, కాయయు, ఆకును, పాలును, మాంసమును అన్నియు అన్నమే. తెలుగులో ఆ పదము క్రమముగా వండిన గింజకు పరిమితమై, అందును వరికి పరిమితమై, వరిలోను తెల్లని బియ్యమునకు పరిమితమైనది. నేడు జొన్నతో వండినదానిని చెప్పవలెనన్న 'జొన్నన్న'మని విశేషణము చేర్చవలసి యున్నది. విశేషణము లేని అన్నము వరియన్నమే. మరొకవైపు ఆహారమునకు అచ్చతెలుగు పేరైన 'కూడు' గౌరవము కోల్పోయి, తిట్లలోను, పేదవాని నోటిలోను మిగిలినది. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువులు పలనాటి జొన్నకూటిని పరిహసించుట సాహిత్య విద్యార్థులెరిగినదే. సన్నబియ్యము మర్యాదకు గుర్తైనది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర లేమికి గుర్తులైనవి.

పదమునకు పట్టిన గతియే విస్తరికిని పట్టినది. విస్తరిలో కొండవలె అన్నము, దాని యంచున చుక్కవలె తక్కినవి. అన్నము తినుటకు కూర యొక సాధనము మాత్రమే యైనది. "అన్నం తిన్నావా?" అని కుశలమడుగు జాతి మనది. ఆ ప్రశ్నలో ఎంతో ప్రేమ కలదు. కాని "అన్నముతో ఏమి తిన్నావు?" అను రెండవ ప్రశ్నను మనము మరచితిమి.

శరీరమేమి అడుగుచున్నది?

ఇల్లు కట్టువాడు ఇటుకలు మాత్రమే తెచ్చి, సున్నము, కలప, మేకులు తేకున్నచో ఇల్లు నిలువదు. శరీరమును అట్టిదే. అది ప్రధానముగా మూడు పనులకై ఆహారము నడుగును: పని చేయుటకు శక్తి, పెరుగుటకును అరిగినదానిని సరిచేసికొనుటకును సామగ్రి, ఈ పనులన్నియు సక్రమముగ జరుగుటకు రక్షకద్రవ్యములు.

శక్తి నిచ్చునవి పిండిపదార్థములు, క్రొవ్వులు. గ్రాము పిండిపదార్థము 4 కిలోకేలరీల శక్తి నిచ్చును. గ్రాము క్రొవ్వు 9 కిలోకేలరీల నిచ్చును. ఒక మోస్తరు శ్రమ చేయు పురుషునకు దినమునకు 2,710, స్త్రీకి 2,130 కిలోకేలరీలు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినవి. నిర్మాణమునకు మాంసకృత్తులు వలయును. పేరులో మాంసమున్నను ఇవి మాంసమున మాత్రమే యుండునవి కావు. పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగలు అన్నింటను కలవు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి తన బరువులో ప్రతి కిలోగ్రామునకు 0.83 గ్రాముల చొప్పున దినమునకు మాంసకృత్తులు చాలును. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు.

ఇక్కడ మన పెద్దల పప్పన్నము విషయము చెప్పవలసి యున్నది. మాంసకృత్తులు అమినో ఆమ్లములను అక్షరములతో కూర్చిన పదములవంటివి. ఒక్క అక్షరము లోపించినను పదము పూర్తి కాదు. బియ్యములో లైసిన్ అను అక్షరము తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పులో మెథియొనిన్ తక్కువ. దానిని బియ్యము పూరించును. రెండును ఒక విస్తరిలో కలిసినప్పుడు ఒకదాని లోపమును మరియొకటి తీర్చును. ఆరవ నెలలో అన్నప్రాశన చేసి, పిమ్మట మెత్తని పప్పన్నమున నేయి కలిపి శిశువునకు తినిపించు తల్లులు రసాయనశాస్త్రము చదివినవారు కారు. ఐనను ఆరు నెలల వరకు తల్లిపాలే చాలుననియు, అటుపిమ్మట మెత్తని ఆహారము తప్పనిసరి యనియు నేటి వైద్యులు చెప్పు మాటకు వారి యాచారము దగ్గరగా నున్నది.

మూడవ తెగ విటమినులు, ఖనిజములు. ఇవి మిల్లీగ్రాములలోను, అంతకు తక్కువ పరిమాణములలోను చాలును. ఐనను అవి లేనిచో కన్ను చూపు కోల్పోవును, రక్తము పలుచబడును, ఎముక వంగును. ఆ విద్యార్థిని విషయమే చూడుడు. స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. పట్టు పట్టిన తెల్ల బియ్యము అరకిలో వండుకొని తిన్నను దాని వలన ఐదు మిల్లీగ్రాములైనను రాదు. కడుపు నిండినది. లెక్క మాత్రము నిండలేదు.

గేదె తిన్న విటమిను

తెల్లని అన్నముపై మనకుగల మోజునకు చరిత్రలో మూల్యము చెల్లింపబడినది. మన ఉత్తర సర్కారుల ప్రాంతము ఒకప్పుడు బెరిబెరి అను వ్యాధికి పేరుపొందినది. కాళ్ళు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, కొందరికి దేహము నీరుపట్టి, గుండె దుర్బలమై మరణము సంభవించు వ్యాధి యిది. మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన మాల్కంసన్ 1835లో ఈ వ్యాధిని గూర్చి ఒక గ్రంథమునే వ్రాసెను. కారణము మాత్ర మానాడు తెలియలేదు.

కారణము బయటపడినది జావాద్వీపమున, కోళ్ళ వలన. డచ్చి వైద్యుడు ఐక్మన్ బటావియాలోని సైనిక వైద్యశాలలో కోళ్ళను పెంచి పరిశోధనలు చేయుచుండెను. కొంతకాలము వానికి వైద్యశాలలో మిగిలిన తెల్లని అన్నము వేసిరి. కోళ్ళు కాళ్ళు పడిపోయి బెరిబెరి రోగులవలె నైనవి. తరువాత వచ్చిన వంటవాడు సైనికుల బియ్యమును కోళ్ళకు వేయుటకు సమ్మతింపలేదు. ముతక బియ్యము తిన్న కోళ్ళు కోలుకొన్నవి. తెల్ల బియ్యములో నేదో విషమున్నదని ఐక్మన్ తలచెను. అతని పిమ్మట గ్రైన్స్ అను వైద్యుడు 1901లో సరిగా గ్రహించెను: తెల్ల బియ్యములో ఉన్నది విషము కాదు, ఉండవలసిన దేదో లేకపోవుటయే వ్యాధికి మూలము. ఆ లేనిది తవుడుతోపాటు తొలగిపోయిన థయమిన్, అనగా బి1 విటమిను. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానము లభించినది.

మన దేశమున మెకారిసన్ అను వైద్యుడు 1918లో కూనూరులో ఒకే గదిలో బెరిబెరి పరిశోధన నారంభించెను. ఆ గదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. దేశమంతటి ఆహారమును తూచి చెప్పు సంస్థ పుట్టుకకు అన్నముపైనుండి ఊడిపోయిన తవుడు కారణమైనదని నేడు ఎందరికి తెలియును?

ఒక చిత్రమైన విషయము గమనింపుడు. దక్షిణ తమిళ జిల్లాలలోని జనులును అన్నమే తినిరి. కాని అక్కడ బెరిబెరి అంతగా లేదు. వారు తినునది ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబెట్టినప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి ఇంకును. ఆ పిమ్మట మర పట్టినను అది చాలవరకు నిలుచును. మనవారు పచ్చి బియ్యమును తెల్లగా పట్టించిరి. పట్టించిన బియ్యమును పలుమార్లు కడిగిరి. ఉడికించి గంజి వార్చిరి. తవుడును, కడుగునీళ్ళను కుడితిగా గేదెకు పెట్టిరి. పొరతోపాటు పోయిన విటమినులో చాలభాగము గేదెకు దక్కినది. ఇంటిల్లిపాదియు తెల్లని మిగులును తినిరి. రోటిలో దంచిన దంపుడు బియ్యమున ఈ నష్టము తక్కువ. గంజిని పారబోయక త్రాగిన పేదవాడు ఆ మేరకు ధనికునికంటె అదృష్టవంతుడు.

గింజది కాదు తప్పు

ఐనచో వరి చెడ్డది, జొన్న మంచిది అని తీర్పు చెప్పి ముగింతుమా? నేడు చిరుధాన్యములను గూర్చి అట్టి మాటలు తరచుగా వినవచ్చుచున్నవి. చరిత్ర అంత సులభమైన తీర్పు నీయదు.

దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగా గల పేదలయందు పెల్లాగ్రా అను వ్యాధి యుండెడిది. ఎండ తగులు చోటులలో చర్మము నల్లబడి గరుకెక్కుట, విరేచనములు, మనస్సు చెదరుట దాని లక్షణములు. నయాసిన్ అను విటమిను కొరతయే దీనికి మూలము. జొన్నలో లూసిన్ అను అమినో ఆమ్ల మధికముగా నుండుట యొక కారణము కావచ్చునని హైదరాబాదులో పరిశోధించిన గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో ప్రతిపాదించిరి. అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్నపైననే బ్రతికిన పేదలకు ఇదే వ్యాధి వచ్చినది. ఆ మొక్కజొన్ననే అనాదిగా తినుచున్న మెక్సికో ప్రజలు దానిని సున్నపు నీటిలో ఉడికించి రొట్టెలు చేసికొందురు. అట్లు చేయుట వలన బంధింపబడిన నయాసిన్ విడివడును. కనుక వారికి పెల్లాగ్రా అరుదు.

కాబట్టి తప్పు వరిది కాదు, జొన్నది కాదు, మొక్కజొన్నది కాదు. ఒక్కదానినే నమ్ముకొని బ్రతుకవలసి వచ్చిన లేమిది. ఏ గింజయు ఒంటరిగా మనిషిని నిలుపలేదు. రాగిలో నూరు గ్రాములకు మూడువందల మిల్లీగ్రాములకు మించి సున్నము కలదు. వరిలో అందు పదియవ వంతైనను లేదు. వరికి తోడుగ రాగి వచ్చిన మంచిదే. వరిని వెడలగొట్టి రాగి యొక్కటే వచ్చిన మరల అదే కథ.

కనబడు ఆకలి, కనబడని ఆకలి

ఆకలిని మన చరిత్ర కరవుల పేర గుర్తుంచుకొన్నది. 1832-33 నాటి గుంటూరు కరవు, 1876-78 నాటి ధాత కరవు జనుల నోట నిలిచిపోయినవి. కరవు వచ్చును, పోవును, పేరు మిగులును. కాని ప్రతిదినమును కొంచెము కొంచెముగా తక్కువ తినుటకు పేరు లేదు, సంవత్సరము లేదు. అది తల్లి గర్భములో మొదలై రెండేండ్ల వయస్సు లోపల తన పనిని చాలవరకు ముగించును. ఆ వేయి దినములలో పెరుగవలసిన ఎత్తు పెరుగక, ఎదుగవలసిన మెదడు పూర్తిగా ఎదుగక, ఆ శిశువు జీవితాంతము ఆ ఋణమును మోయుచుండును.

ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టు, అనగా నేటి ఘనా దేశమున సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1933లో ఒక శిశువ్యాధిని వర్ణించినది. పాదములు ఉబ్బుట, వెండ్రుకలు ఎర్రబడుట, చర్మము పొరలుగా లేచుట, ఎల్లవేళల ఏడుపు. అక్కడి గా భాషలో దానికి జనులు పెట్టిన పేరు క్వాషియోర్కర్. తరువాతి శిశువు పుట్టగా తల్లి పాలకు దూరమైన బిడ్డకు వచ్చు జబ్బని దాని యర్థము. 1935లో ఆమె ఆ పేరునే వైద్యలోకమునకు అందించినది. ఒక జాతి తన పదములో వ్యాధికారణమునే దాచి యుంచినది! పదములను నమ్మి బ్రతుకు నావంటివానికి ఇంతకంటె విలువైన ఉదాహరణ మేది? మన పల్లెలలో అట్టి బిడ్డను చూచి దృష్టి తగిలినదని దిష్టి తీయువారు. తల్లులను నిందింపబని లేదు. తెలియనిచోట మనుష్యుడు తనకు తెలిసిన మందు నుపయోగించును.

మాంసకృత్తుల కొరతయే ఈ వ్యాధికి కారణమని తొలుత నమ్మిరి. హైదరాబాదులో గోపాలన్ ప్రభృతుల పరిశోధనలలో, దేహము ఉబ్బిన పిల్లలును, ఎముకల గూడై చిక్కిన పిల్లలును తినిన ఆహారములో చెప్పదగిన భేదము కానరాలేదు. ఆ పిల్లలకు మొట్టమొదటి లోపము తగినంత తిండి లేకపోవుటయే. కనుక ఆకలి రెండు విధములు. పరిమాణము చాలని ఆకలి యొకటి, గుణము చాలని ఆకలి మరియొకటి. ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే యింటిలో, ఈ రెండును కాపురముండును.

వీనికి తోడు అంటువ్యాధులు. మురికినీరు త్రాగిన బిడ్డకు విరేచనములు పట్టును. తిన్నది వంటబట్టదు. బలము తగ్గిన దేహమునకు మరల వ్యాధి తగులును. అందుచేత మంచినీటి కుళాయియు, మరుగుదొడ్డియు కూడ ఆహార సమస్యలో భాగములే.

లెక్కలు చూతము. 2022లో ప్రపంచమున ఐదేండ్ల లోపు పిల్లలలో సుమారు 14.8 కోట్లమంది వయస్సునకు తగిన ఎత్తు పెరుగలేదు. మన దేశమున 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అట్టి పిల్లలు నూటికి 35.5 మంది. ఆంధ్రప్రదేశమున 31.2, తెలంగాణమున 33.1. అనగా మన ప్రాథమిక పాఠశాలలలో ప్రతి మూడవ శిశువు ఆ ఋణముతోనే ఒకటవ తరగతిలో అడుగిడుచున్నాడు. అదే సర్వేలో బరువు మితిమీరిన స్త్రీలు ఆంధ్రప్రదేశమున నూటికి 36.3, తెలంగాణమున 30.1. ఒకవైపు లోపము, ఒకవైపు అతి. రెండింటికిని మూలము విస్తరిలో వైవిధ్యము లేకపోవుటయే చాలవరకు.

రక్తము కథ

అదే సర్వే ప్రకారము దేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. ఆ అమ్మాయి నా తరగతిలో ఒంటరి కాదు. నేను చూడలేదు, అంతే.

ఈ రక్తము కథలో ఒక తెలుగువాని పేరున్నది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మికుల కుటుంబములలోని గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించినది. ఆ సారములో నున్న దేమో అప్పటికి తెలియదు. అది ఫోలిక్ ఆమ్లమను విటమిను. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. తన సోదరులను బలిగొన్న స్ప్రూ అను వ్యాధికి మందు వెదకవలెనను పట్టుదలతో నతడు సముద్రములు దాటెను. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు చిన్న మాత్రలో భీమవరపు పుత్రుని శ్రమ ఇమిడియున్నది.

ఇనుము ఆకుకూరలలో, పప్పులలో, చిరుధాన్యములలో, మాంసమున, చేపలలో లభించును. శాకములలోని ఇనుము సులభముగా వంటబట్టదు. నిమ్మ, ఉసిరి, జామ వంటి పుల్లని పండ్లతో తిన్నచో వంటబట్టును. భోజనము చేసిన వెంటనే తేనీరు త్రాగినచో తగ్గును. తోటకూరపప్పుపై నిమ్మకాయ పిండుట రుచికి మాత్రమే కాదని తెలిసికొందము.

ఇట్టిదే కంటి కథ. రేచీకటి ఎ విటమిను లోపమునకు తొలి హెచ్చరిక. ఆ హెచ్చరికను వినకున్నచో పసిపిల్లల నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగా పోవును. 1970 నుండి దేశమున పిల్లలకు ఆరేసి నెలల కొకమారు ఎ విటమిను మందు పోయుచున్నారు. పెరటిలోని మునగాకు, బొప్పాయి, గుమ్మడి, మామిడిపండు కూడ ఆ పని చేయగలవు. కొంచెము నూనెయో నేయియో తోడుగ నుండవలెను.

అజ్ఞానమా? దారిద్ర్యమా?

పేదలకు తెలియక పోషకాహారము తినుట లేదని చదువుకొన్న మనము సులభముగా చెప్పుదుము. ఆ విద్యార్థిని తల్లికి గ్రుడ్డు మంచిదని తెలియదా? తెలియును కనుకనే కుమారునకు పెట్టినది. గ్రుడ్డు ఒక్కటున్నప్పుడు ఎవరికి పెట్టవలెనను ప్రశ్నకు ఆమె తరతరముల యాచారము చెప్పిన సమాధానము చెప్పినది. అందు దారిద్ర్యము సగము, వివక్ష సగము. పోషకాహార శాస్త్రము గ్రుడ్డులోని ఆరు గ్రాముల మాంసకృత్తులను తూచగలదు. ఆ గ్రుడ్డు విస్తరి చేరు త్రోవను తూచుటకు మనస్సాక్షి కావలెను.

ప్రభుత్వములు చేసినది తక్కువ కాదు. 1956లో మదరాసు రాష్ట్రమున కామరాజు ప్రభుత్వము బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టినది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము, దానితో అంగన్‌వాడీలు ఆరంభమైనవి. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆ బియ్యము ఎన్ని పొయ్యిలను వెలిగించినదో నా యీడువారికి తెలియును. దానిని తక్కువచేసి మాటాడుట కృతఘ్నత. ఐనను కడుపునిండ అన్నము ఒక మెట్టు మాత్రమే. 2001లో సర్వోన్నత న్యాయస్థానము పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని ఆదేశించినది. నేడు ఆ భోజనములో గ్రుడ్డును చేరినది. 2024లో ఆంధ్రప్రదేశమున ఆ పథకమునకు డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. గోదావరీ లంకలలో నదికి వరద వచ్చినను ఆకొన్నవానికి లేదనక వడ్డించెనని వినుతికెక్కిన ఆ తల్లి పేరునకు తగినట్లుగా ఆ గ్రుడ్డు ప్రతి విస్తరిని చేరవలెను. చేరుచున్నదో లేదో ప్రతిదినమును చూడగలవారు ఉపాధ్యాయులే.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

ఉపాధ్యాయ మిత్రులారా! మనము వైద్యులము కాము. కాని దేశమున పిల్లలను ప్రతిదినమును ఎదుట కూర్చుండబెట్టుకొని చూచు భాగ్యము వైద్యులకు లేదు, మనకున్నది. కనురెప్ప లోపలి ఎరుపు పాలిపోయిన బిడ్డ, సంజవేళ తడుముకొను బిడ్డ, ఏడాదిలో అంగుళమైనను పెరుగని బిడ్డ మన కంటబడునంతగా మరి యెవరి కంటను పడరు. అట్టివారిని ఆరోగ్య కేంద్రమునకు పంపుట పాఠము చెప్పుటలో భాగమే. బడి గోడపై ఒక గీటు గీసి ఆరు నెలలకొకసారి ఎత్తు కొలుచుటకు ధనము అక్కరలేదు.

విద్యార్థులారా! మీ విస్తరిని మీరే ఒక పద్యమువలె పరిశీలింపుడు. పద్యమున గణము లోపించినచో పట్టుకొనుట మీకు నేర్పితిమి. విస్తరిలో ఏది లోపించినదో పట్టుకొనుట కూడ నేర్చుకొనుడు. గింజ యున్నదా? పప్పున్నదా? ఆకు ఉన్నదా? పాలో, గ్రుడ్డో, చేపయో ఉన్నదా? పండున్నదా? ఐదును దినదినమును కుదరకపోవచ్చును. వారమంతటిలోనైన కుదురునట్లు ఇంట మాటాడుడు. వేరుసెనగలు, మునగాకు, ఉసిరికాయ, రాగిజావ రాజుల భోజనములు కావు. ఇంట గ్రుడ్డొక్కటే యున్నచో దానిని సగముచేయుటకు తమ్ముడే ముందుకు రావలెను.

ఆ అమ్మాయి వైద్యురాలిచ్చిన మాత్రలు మింగినది. ఇంట పప్పు నాలుగు దినములైనదట. ఆరు నెలలకు హీమోగ్లోబిన్ పదికి వచ్చినది. పండ్రెండు ఇంకను కాలేదు. తరగతి యెదుట ఆమెను నవ్వులపాలు చేసినందులకు నేను తరగతి యెదుటనే క్షమాపణ చెప్పుకొంటిని. అది ఆమెకంటె నాకే ఎక్కువ అవసరము.

అప్పటినుండి అర్థపరిణామ పాఠములో 'చీర' తరువాత 'అన్నము'ను ఉదాహరణముగా చెప్పుచున్నాను. కుంచించుకొనిపోయిన పదమును మరల విశాలము చేయుట వైయాకరణుల చేతిలో లేదు. కాని విస్తరిని విశాలము చేయుట మన చేతిలో కొంతయైనను ఉన్నది. తరగతిలో ఎవరైన తల వాల్చినచో నేను పాఠము నాపి, దగ్గరకు పోయి, మెల్లగా నొకే ప్రశ్న అడుగుచున్నాను: "అన్నంలోకి ఏం తిన్నావమ్మా?"